మంచం తిరగని మెట్లు

నిన్న ఎదురింటి గోడకు సున్నం కొడుతున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పుస్తకం పక్కన పెట్టేశాను. నాకు అది దేవదానంగారి వాసన. ఆయన మదనపల్లెలో మేడలు కట్టించే మేస్త్రి. క్రైస్తవ మిషన్ వాళ్ళ కట్టడాల్లో రాళ్ళు మోస్తూ పని నేర్చుకున్నారు. ఆదివారం చర్చికి మల్లెపూవులాంటి చొక్కాతో వెళ్ళేవారు, మిగిలిన ఆరు రోజులూ గోళ్ళనిండా సున్నమే.

పందొమ్మిదివందల నలభైల్లో, సిమెంటు దొరకని యుద్ధకాలంలో, నేను కుప్పం నుంచి వచ్చి ఆయన దగ్గర ప్లాన్లు గీసే పనిలో చేరాను. మద్రాసులో డ్రాయింగు నేర్చుకొచ్చానన్న పొగరు కాస్త ఎక్కువే ఉండేది. అప్పుడే పుంగనూరు వ్యాపారి మునిరత్నంశెట్టిగారు బజారులో ఒక మేడ తలపెట్టారు. కింద ఆఫీసులు, పైన తక్కువ అద్దెకు ఎనిమిది కాపురాలు. ఊరి చివర గుడిసెల్లో ఉండే ఆస్పత్రి ఆయాలు, చిన్న గుమాస్తాలు ఆ గదుల కోసం ముందే వచ్చి అడిగి వెళ్తుండేవారు. ఆఫీసూ కాపురమూ ఒకే కప్పు కింద ఎలా ఇముడుతాయో చూడాలని నాకు ఒకటే కుతూహలం. ఆఫీసుల జాగా పోకుండా మెట్లను రెండు మలుపులు తిప్పి ఒక మూలకు కుదించాను. శెట్టిగారు మురిసిపోయారు.

దేవదానంగారు ప్లాను చూసి మెచ్చుకోలేదు, తిట్టలేదు. కూలీల వైపు తిరిగి, "ఒక మంచం ఎత్తకరాండప్పా" అన్నారు.

కాగితం మీది గీతను ఆయన నమ్మరు. ఖాళీ స్థలంలో సున్నపు పొడితో ప్లానంతా అసలు కొలతలకే గీయించి, గోడలు వచ్చేచోట సరుగుడు కర్రలు పాతించి, అందులో మనుషుల్ని నడిపించేవారు. ఒకరిని నీళ్ళ బిందెతో, ఒకరిని బియ్యం మూటతో. ఆ రోజు నన్ను మంచం మీద పడుకోమన్నారు.

"నేనా? యాలన్నా?"

"నీకు జొరమొచ్చి ఉండాదనుకో. ఆస్పత్రికి దించల్ల గదా. పండుకో."

నలుగురు ఎత్తారు. మొదటి మలుపులోనే మంచం కోడు కర్రకు తగిలింది. పక్కకు వంచితే నేను జారి సున్నంలో పడ్డాను. అందరూ పగలబడి నవ్వారు, ఆయన తప్ప.

"నొప్పులొచ్చిన ఆడమనిసినీ ఇట్లనే దించుతావా?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మెట్లు వెడల్పు చేస్తే ఆఫీసులు చిన్నవవుతాయి. శెట్టిగారు ససేమిరా అన్నారు. "అయితే పైన ఇండ్లే వద్దు. చింతపండు గిడ్డంగి కట్టేస్తా. చింతపండుకు జొరమొస్తాదా?"

నా గీత వల్ల ఎనిమిది కాపురాలకు నీడ పోతుందని భయం వేసింది. "నువ్వైతే మెట్లు యాడ పెడతావన్నా?" అని మేస్త్రిని అడిగాను.

"నాకూ తెల్దు. రా, సూద్దాం" అంటూ ఈసారి ఆయనే మంచమెక్కారు. సున్నపు గీతల చుట్టూ ఆయన్ని ఊరేగించినట్టు మోశాం. వెనక సందు వైపు రాగానే నాకు తట్టింది. మెట్లు లోపలే ఉండాలని ఎవరన్నారు? వెనక గోడకు బయట, మలుపు లేకుండా, తిన్నగా పెట్టొచ్చు కదా!

"అన్నా, ఈడ!" అని అరిచాను.

ఆయన మంచం మీదే లేచి కూర్చున్నారు. "అట్ల సెప్పు!"

వెనక ఎడ్లబండి నిలిపే జాగా పోతుందని గొణుగుతూనే శెట్టిగారు ఒప్పుకున్నారు. మేడ లేచింది, కాపురాలు వచ్చాయి. కొన్నేళ్ళకు, భార్య పోయాక, దేవదానంగారే పైన చివరి గదిలో అద్దెకు చేరారు. ఒక ఎండాకాలం ఉదయం ఆయనకు పక్షవాతం వచ్చిందని కబురొస్తే పరుగెత్తాను. మాట పడిపోయింది. నలుగురం మంచం ఎత్తాం, ముందు కోడు నేను పట్టాను. మెట్లు దిగుతున్నంతసేపూ ఆయన కళ్ళు గోడ వైపే ఉన్నాయి. ఎక్కడా తగల్లేదు. ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఈ వయసులో కూడా ఎవరింటికి వెళ్ళినా మెట్ల మలుపులో ఆగి, చేతులు చాపి కొలుస్తాను. మా మనవలు నవ్వుతారు. నవ్వనీ, సున్నంలో పడింది వాళ్ళు కాదు కదా.