మా నెబిష్

నేను పిరికివాణ్ణి. ఆ సంగతి మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరో కనిపెట్టి సంబరపడే బాధ ఉండదు. హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసుకుంటాను, అంటే నాకోసం ఆపుకుంటాను. తిండి తెచ్చుకునేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు. ఆ ప్యాకెట్ నాదేనని చెప్పలేక పక్క దుకాణంలో ఇంకోటి కొనుక్కుంటాను. రైల్లో నా కాలు తొక్కినవాళ్ళకు నేనే సారీ చెబుతాను. మీటింగులో నేను గొంతు సవరించుకునేలోపు మీటింగే అయిపోతుంది. నోటితో ఇంత మెతగ్గా ఉండేవాడికి కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు మండుతోంది కాబట్టే రాస్తున్నాను.

సింగపూర్‌లోని యీషున్‌లో ఉంటాం, మా ఆవిడ, పన్నెండేళ్ళ కూతురు, నేను. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇతరులు ప్రోగ్రాముల్లో చేసిన మార్పులు ఖాతాదారుల దాకా వెళ్ళేముందు సరిచూసి వదలడం మా బృందం పని. మా బృందాన్ని నడిపే లీడ్ వెళ్ళిపోయాక ఆయన పనంతా నా నెత్తిన పడింది. పద్నాలుగు నెలలు చేశాను. పని నాది, హోదా మాత్రం ఎవరిదీ కాదు. ఆ హోదా నాకు కావాలి. అంత కావాలని ఉన్నా మా ఆవిడతో తప్ప ఎవరితోనూ అనలేదు. చివరికి ఆ పోస్టు భర్తీ చేస్తున్నామని, ఆసక్తి ఉన్నవాళ్ళు ఫారం నింపమని మెయిల్ వచ్చింది.

అదే వారం లిఫ్టు దగ్గర మా మేనేజరు ఎదురయ్యాడు. న్యూయార్క్ నుంచి వచ్చినాయన, వెంట వేరే విభాగం మేనేజరు ఉన్నాడు. మావాడు నా భుజం మీద చెయ్యేసి, "హీ ఈజ్ అవర్ నెబిష్" అని నవ్వాడు. రెండో ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు పుడుతుంది.

ఆ మాటకు అర్థమేమిటని అప్పుడే అడగొచ్చు కదా అంటారు. అడిగే ధైర్యమే ఉంటే ఆ మాట నా మీద పడేదే కాదు. పైగా నన్ను ముంచింది నెబిష్ కాదు, ముందున్న 'అవర్'. మా కరీంనగర్‌లో ఎవరినైనా 'మావోడు' అన్నారంటే ఇక ఆ మనిషికి దిగుల్లేదు. ఆపైన మా మేనేజరుకు ఈ ఊరి మాటల పిచ్చి. భోజనానికి వెళ్దామనడు, మకాన్ అంటాడు. చోటు చూసుకోకుండా మాటల చివర 'లా' తగిలిస్తాడు. సింగపూర్‌లో తెలియని మాట వినబడితే చైనావాళ్ళ హొక్కియెన్ అనో మలాయ్ అనో సరిపెట్టుకోవడం మనందరికీ అలవాటే. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

అయినా ఓ మాట రూఢి చేసుకుందామని మా బ్లాకులోని అంకుల్‌ను అడిగాను. వాళ్ళ తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. రిటైరయ్యేదాకా బస్సు నడిపాడు.

"నెబిషా? మలాయ్ కాదు బాబూ. నాకు తెలీని మలాయ్ మాట ఉందంటే అదింకా పుట్టలేదన్నమాటే" అన్నాడు.

"తమిళమేమో అంకుల్?"

"ఛ ఛ, తమిళమూ కాదు. చైనావాళ్ళదై ఉంటది. మా నెబిష్ అన్నాడుగా? అయితే మంచిదే లే. గిట్టనోణ్ణి ఎవడైనా మా అంటాడా?"

ఆ తర్కం ముందు నా సందేహం తేలిపోయింది. ఫారంలో 'బృందంలో మీ పాత్ర' అన్న గడి ఉంది. ఎప్పుడూ నన్ను నేను పొగుడుకోలేను కదా, పైఅధికారి ఇచ్చిన బిరుదు చేతిలో ఉందని మురిసిపోతూ, "ఈ బృందానికి నెబిష్‌నైనందుకు గర్విస్తున్నాను" అని ఇంగ్లీషులో రాశాను. గడువు శుక్రవారం. తప్పులుంటే దిద్దమని ఫారం మా అమ్మాయి చేతికిచ్చాను.

అమ్మాయి చదువుతూ చదువుతూ ఆగింది. ఫోన్లో ఏదో వెతికింది. నా వైపు చూసింది.

"నాన్నా, హూ టోల్డ్ యూ దిస్ వర్డ్?"

"మా మేనేజర్ అన్నడు. హొక్కియెన్ కదా?"

"నాట్ హొక్కియెన్ లా! ఇట్స్ యిడ్డిష్." యూరప్‌లోని యూదులు ఇళ్ళలో మాట్లాడుకునే భాష అని, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చిందని చదివి చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "పిరికివాడు, దేనికీ పనికిరానివాడు, అందరూ జాలిపడే మనిషి" అన్న అర్థం ఇంగ్లీషులో చదివింది. ఒక్కో ముక్కకూ నా మొహం చూసి ఆగింది. ఆ పిల్ల నన్ను చూసి సిగ్గుపడిందా, నా కోసం బాధపడిందా అన్నది అడగలేదు. రెండూ అయ్యుంటాయి.

అసలు ఆ మాట పుట్టినప్పుడు మనిషి పేరే కాదట. ఎవరి గురించైనా చెబుతూ మధ్యలో అయ్యో అని నిట్టూర్చే మాటట. "లైక్, పూర్ థింగ్" అంది అమ్మాయి. అంటే పాపం. అచ్చంగా మన పాపమే. చిన్నప్పటి నుంచీ నా వెంట నడిచిన మాట. పాపం, నోట్లో నాలుక లేని పిల్లాడు. పాపం, ఎవరి జోలికీ పోడు. పాపం, వాడికి చెప్పు, చేస్తాడు. చివరిది ముఖ్యం, గమనించారా? పాపం అన్నవాళ్ళెవరూ లేచి వచ్చి నా చేతిలో పని అందుకోలేదు. ఇంకో రెండు పనులు అప్పజెప్పి వెళ్ళారు. మనవాళ్ళు నిట్టూర్పును నిట్టూర్పుగానైనా ఉంచారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకెళ్ళి ఏకంగా మనిషికే తగిలించారు.

నాకు కోపం వచ్చింది. మేనేజరు మీద కంటే మాట మీదే ఎక్కువ. పిరికితనం ఈ ఊళ్ళో నాకొక్కడికే ఉందా? కియాసు అని హొక్కియెన్‌లో ఒక మాట ఉంది, ఎక్కడ వెనకబడిపోతామో అన్న భయం. ఆ భయంతో తెల్లవారకముందే క్యూలో నిలబడతారు, పాలు తాగే పిల్లను ట్యూషన్‌కు పంపుతారు. దాన్ని ఇక్కడ నవ్వుతూ, సగం గర్వంగా చెప్పుకుంటారు. భయపడి ముందుకు తోసుకుపోతే తెలివి, భయపడి పక్కకు తప్పుకుంటే పాపమా? నా భయం ఎవరి చోటూ లాక్కోలేదు. ఒకసారి మార్పు వదలడానికి అందరూ సరేనన్నాక, నాకెందుకో గుబులుగా ఉందని గొణిగి ఇంకోసారి చూశాను. ఒకరి ఖాతా స్టేట్‌మెంట్ ఇంకొకరికి వెళ్ళిపోయేలా ఉంది. గుబులు లేనివాళ్ళు ఏడుగురు దాన్ని చూశారు, ఒక్కరికీ కనబడలేదు.

"డిలీట్ చేసేయ్ నాన్నా, స్టిల్ గాట్ టైమ్" అంది అమ్మాయి. చేసేద్దామనే కూర్చున్నాను. కానీ గర్విస్తున్నాను అన్న ఒక్క ముక్కే తీశాను. దాని చోట ఇలా రాశాను: "ఈ బృందంలో నేను నెబిష్‌ని. అర్థం తెలిసే రాస్తున్నాను. పద్నాలుగు నెలలుగా లీడ్ పని చేస్తున్నది ఈ నెబిషే."

సోమవారం మేనేజరు పిలిచాడు. తలుపు వేశాడు. ఆయన మొహం ఎర్రబడి ఉంది. మా మాటలు ఇంగ్లీషులోనే నడిచాయి.

"నేను ఎగతాళికి అనలేదు. మా బామ్మ ఇంట్లో అందరినీ ప్రేమగా అలా అనేది" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

"మా ఇళ్ళలోనూ అలాంటి మాట ఉంది సార్. అనేవాళ్ళకు ప్రేమగానే ఉంటుంది" అన్నాను.

ఆయన ఫారం నా వైపు తిప్పాడు. "ఇది పైకి వెళ్తుంది. ఆ మాట తీసెయ్. తీసేస్తే నీ పేరు సిఫారసు చేస్తాను."

ఏడాదికి పైగా కలలుగన్న పోస్టు బల్లకు అవతలి పక్కనే ఉంది. మూడు వాక్యాలు చెరిపితే చాలు. చెరపడానికి నేను అలవాటుపడ్డవాణ్ణే, ఇన్నేళ్ళూ చేసింది అదే.

"అంటే నేను ఆ పోస్టుకు తగినవాణ్ణే కదా సార్?"

"అందులో సందేహం లేదు."

"అయితే ఉంచే సిఫారసు చేయండి."

"పైవాళ్ళు చదివి నవ్వుతారు."

"మొదట నవ్వింది మనమే కదా సార్, లిఫ్టు దగ్గర."

ఆయన మెల్లగా, "నీ చేతులు వణుకుతున్నాయి" అన్నాడు.

"అవును సార్. తీసెయ్యను."

పోస్టు రాలేదు. రెండు వారాలకు వేరే విభాగం నుంచి ఒకాయన్ను తెచ్చి కూర్చోబెట్టారు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. గొప్ప పని చేశానని ఎగిరి గంతేశానని చెబితే అది అబద్ధం. పోస్టు పోయిందన్న ఏడుపు పోస్టు పోయినంత పెద్దగానే ఉంది.

"ఆ ఒక్క ముక్క తీసేస్తే పోస్టు వస్తుండె గదా" అంది మా ఆవిడ.

"వస్తుండె."

"మరి నీకు అది వద్దా ఇగ?"

"కావాలె. ఇప్పుడు గూడ కావాలె. కని అట్ల వద్దు."

ఆమె కంచం నా ముందుకు జరిపింది.

ఆ వచ్చినాయన తొమ్మిది నెలలు ఉన్నాడు. సంతకాలు ఆయన పెట్టాడు, సరిచూడటం నేను చేశాను. పోయిన నెల ఆయన ఇంకో బ్యాంకుకు మారాడు, నిన్న మళ్ళీ మెయిల్ వచ్చింది. అదే పోస్టు, అదే ఫారం, అదే గడి. పాత మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. నెలల అంకె మాత్రం ఇరవై నాలుగు చేశాను. చేతులు వణికాయి. పంపేశాను.