కాటుక దిద్దిన ముఖచిత్రం

బస్తరు ఇంకా రాజుగారి కింద ఉన్న రోజుల్లో, భోపాలపట్నంలో మా మామ కొట్టుకు మద్రాసు వారపత్రిక నెల ఆలస్యంగా వచ్చేది. చదువు రాని మా అత్తే దాన్ని ముందు అందుకునేది. అట్ట మీది సుకుమారికి గడ్డం మీదా చేతుల మీదా కాటుకతో పచ్చబొట్లు పెట్టి, "ఇప్పుడు మనిషైంది" అనేది. పట్నం ఆడవాళ్ల కోసం వేసిన బొమ్మ అలా మా సంత మనిషై కొట్టు తలుపుకెక్కేది.

ఒకసారి అట్ట మీద టెన్నిస్ బ్యాటు పట్టిన అమ్మాయి వచ్చింది. సంతనాడు ఉప్పు కోసం వచ్చిన దొర్ల తెగ ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "ఎవరి పిల్ల? మా కొడుక్కి అడుగుత," అంది నవ్వకుండా.

"మా చుట్టాల పిల్లనే. తీసుకపో," అంది అత్త, అంతకంటే గంభీరంగా.

ముసలమ్మ బొమ్మ చేతిని వేలితో కొలిచింది. "ఇంత సన్నం చేతులా? కట్టెల మోపు ఎత్తలేదు. వద్దు."

కొట్టంతా పడీ పడీ నవ్వింది. అత్త మాత్రం ఆలోచనలో పడింది.

మరుసటి పత్రిక రాగానే ఆమె పచ్చబొట్ల జోలికి పోలేదు. ముందుగా కాటుకతో బొమ్మ చేతులు లావు చేయసాగింది.

"పుస్తకం పాడు చేస్తున్నవేంది?" అని మామ కేకేశాడు.

"జర ఊకోండి. దీని అక్కకు సంబంధం తప్పిపోయింది," అంది అత్త, వేలు ఎత్తకుండానే.