అక్క ఇచ్చిన తిప్పతీగ పురుగు

నా చిన్నప్పుడు నేను ఒక్కసారే కడుపులో పగ పెట్టుకుని తిరిగాను, అదీ పక్కింటి అక్క మీద. మాది నరసాపురం దగ్గర మిషను వీధి. మా పెరట్లో నారింజ చెట్టు ఆ ఏడే మొదటిసారి కాసింది. పదకొండు కాయలు. కోత పండుగ నాడు చర్చిలో ప్రథమ ఫలాలు అర్పించేటప్పుడు అందరూ ధాన్యమూ గుమ్మడికాయలూ తెస్తారు. నేను మాత్రం నా చేత్తో నీళ్ళు పోసిన చెట్టు పళ్ళు పట్టుకెళ్ళాలని చెప్పలేనంత ఆశ పడ్డాను.

కాయ రంగు తిరిగేసరికి సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు కనిపించేది. రెండు రోజుల్లో దాని చుట్టూ మెత్తబడి, పండు కుళ్ళి రాలిపోయేది. పక్షి పొడిస్తే అలా ఉండదు. మా వీధిలో అంత సన్నటి సూది ఎవరి దగ్గరుంటుంది? మిషను దొరసానిగారి దగ్గర లేసు అల్లిక నేర్చుకున్న పక్కింటి అక్క దగ్గర. ఆమె పొద్దస్తమానం కంచె పక్కనే కూర్చుని అల్లుకునేది. ఓసారి "నాకో పండు పెట్టవే" అని అడిగితే పెట్టనన్నాను. ఇంకేం, ఆ కక్షతోనే పొడుస్తోందని తేల్చుకున్నాను. మొహం మీదే అడిగేశాను. అక్క నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎనిమిదో పండు రాలిన రోజు, అక్క స్నానానికి వెళ్ళినప్పుడు, వాళ్ళ అరుగు మీదున్న లేసును మా అమ్మ కత్తెరతో నాలుగు చోట్ల కోశాను. అది తన పెళ్ళి ముసుగుకి అంచుగా ఐదు నెలలుగా అల్లుకుంటున్నదని నాకు తెలుసు. తెలిసే కోశాను. ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

అక్క ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఓ గంప పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. జ్వరాల కషాయానికని మా అమ్మ కంచె మీద పాకించిన తిప్పతీగ నుంచి ఒక పురుగును ఆకుతో సహా తెంపి అందులో వేసి, పైన పల్చటి గుడ్డ కట్టింది.

"దీన్ని చావనివ్వకు. రోజూ ఈ తీగ ఆకే వెయ్యి. నీకో తమాషా చూపిస్తాను," అంది.

రాజీకి వచ్చిందనుకున్నాను. పురుగు వింతగా ఉంది. నల్లటి మెత్తని ఒళ్ళు, పక్కలకి పసుపు అంచున్న పెద్ద పెద్ద కళ్ళు. అవి నిజం కళ్ళు కావు, మచ్చలు. ముట్టుకుంటే తల లోపలికి ముడుచుకుని వెనక భాగం పైకెత్తి బెదిరించేది. ముద్దుచేసి మేపాను. పది రోజులకి వేలెడయింది. తర్వాత ఆకుల్ని తన దారంతోనే దగ్గరికి లాక్కుని, వాటి మధ్య గూడు కట్టుకుని కదలకుండా ఉండిపోయింది. చచ్చిపోయిందేమోనని ఏడిస్తే అక్క "ఆగు" అని మాత్రం అంది.

రెండు వారాలకి గూట్లోంచి చిమ్మెట బయటికొచ్చింది. దీపాల చుట్టూ తిరిగే జాతే గానీ అరచేతంత ఉంది. రెక్కలు మూస్తే అచ్చం ఎండుటాకు. విప్పితే కింది రెక్కలు పసుపు ముద్ద రంగు, వాటి మీద నల్లటి వంపు. కన్నబిడ్డను చూసుకున్నట్టు మురిసిపోయాను.

ఈలోగా మరో రెండు పళ్ళు రాలాయి. ఆ సాయంత్రం అక్క, చెట్టుకి మిగిలిన ఒకే ఒక్క పండును కోసి గంపలో పెట్టింది. అది పండుగకని దాచుకున్నదని నేను మొత్తుకున్నా వినలేదు. తెల్లారి గుడ్డ విప్పితే చిమ్మెట పండు మీదే ఉంది. దాని నోటి గొట్టం ముల్లులా తొక్కలోకి దిగి ఉంది. అది లేవగానే అదే చిల్లు.

"మా అమ్మమ్మగారి ఊళ్ళో నారింజ తోటంతా దీనికే పోయిందే. ఇది పుట్టేదీ పెరిగేదీ తిప్పతీగ మీద. ఆ తీగ ఉన్నది మీ కంచెకే," అంది అక్క. "నీ పళ్ళు తిన్నదాన్ని నువ్వే మేపావు. ఇప్పుడు నా లేసు ఎవరు కోశారో నువ్వే చెప్పు."

చెప్పాను. "సరే" అని గంప తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కోత పండుగకి నేను వట్టి చేతులతో వెళ్ళాను.

నేను కోసిన చోట్ల అక్క ముడులు వేసి, అదే అంచును ముసుగుకి కుట్టుకుంది. పెళ్ళినాడు దాని కొస పట్టుకుని వెనక నడవడానికి, వీధిలో ఇంతమంది పిల్లలుండగా నన్నే పిలిచింది. పక్కింటి పిల్లంటే ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు. చర్చి గుమ్మం నుంచి పాస్టరుగారి దాకా ఆ ముడులు నా వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి. అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరి మీదైనా కసి పుడితే, నోరు తెరవకముందు మా పెరటి కంచె దాకా వెళ్ళి కాసేపు నిలబడి వస్తాను. అక్క నన్ను క్షమించిందో లేదో మాత్రం ఆమె బతికున్నన్నాళ్ళూ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.