ఒక్క గుమ్మం ఇంట్లో అయ్యప్పస్వామి

మా అన్న దేవుడైపోయిన ఏడాది నేను బీయస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అంతకు ముందు వాడు మామూలు మనిషే. ఇంకా నిజం చెప్పాలంటే మామూలు మనిషికి ఒక మెట్టు కిందే. బీకామ్ ఇంగ్లీషు పేపరు మీదికి మార్చికొకసారి, సెప్టెంబరుకొకసారి దండయాత్ర చేసేవాడు. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ అమ్మ వాడికి దిష్టి తీసేది. అవతల స్టీల్ ప్లాంటు కడుతున్నారు, ఇవాళో రేపో ఉద్యోగాలకి పిలుస్తారని వన్ టౌన్ అంతా ఒకటే మాట. పిలిచేనాటికి కొడుకు చేతిలో డిగ్రీ ఉండాలని అమ్మ బెంగ. చదివితే వస్తుందేమోనన్న అనుమానం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

వీధి కుళాయి దగ్గర ఎవరో చెప్పారట, అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్ళందరూ గట్టెక్కేస్తున్నారని. అప్పట్లో ఆ మాలలు మా ఊరికి కొత్త. నల్ల బట్టలు, గడ్డం, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం అనగానే అన్న మొహం పాలిపోయింది గానీ, ఆ దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఎవరూ తిట్టకూడదు, పెద్దా చిన్నా అందరూ ‘స్వామీ’ అనే పిలవాలి అని తెలిశాక వాడిలో భక్తి పొంగింది. మర్నాడే మాల వేయించుకు వచ్చాడు.

పాపం, మా నాన్నకి వచ్చింది కష్టం. ఆయన పోర్టులో గుమస్తా. కొడుకుని గాడిదా అని తప్ప ఇంకో పేరుతో పిలిచి ఎరగడు. పొద్దున్నే అలవాటుగా “ఒరే గాడి...” అని మొదలెట్టి, అమ్మ చూపు తగలగానే “స్వామీ, లేవండి స్వామీ, తెల్లారిపోనాది” అని ముగించేవాడు. స్వామివారు దుప్పట్లోంచే చెయ్యెత్తి దీవించేవారు. పరీక్ష ఫీజు కట్టడానికి వెళితే కాలేజీలో లెక్చరర్లు కూడా “ఏం స్వామీ, మళ్ళీ పరీక్షకేనా?” అని అడుగుతున్నారని వాడు మురిసిపోతూ చెప్పాడు.

ఇంట్లో చేపలు బందయ్యాయి. సముద్రం పక్కనుండి నెత్తళ్ళ వాసన లేకుండా బతకడం ఎంత కష్టమో చెప్పలేను. మా పిల్లి రెండ్రోజులు చూసి, వీళ్ళకి పిచ్చెక్కిందని తేల్చుకుని, ఎదురింటికి కాపురం మార్చేసింది. నాన్న ఓవర్‌టైమ్ అని చెప్పి హార్బరు దగ్గర హోటల్లో రొయ్యల కూర తినొచ్చేవాడు. ఆ సంగతి ఆయన చొక్కా చెప్పేది. అమ్మ మాత్రం పొయ్యి కూడా కడిగి బొట్టు పెట్టి, నిష్ఠగా ఉండేది. ఆ దీక్ష మా అన్నది కాదు, ముమ్మాటికీ అమ్మదే.

ఇక నా సంగతి. మాల వేసుకున్నవాడు ఉన్న ఇంట్లో, నెలసరి వచ్చిన ఆడది ఉండకూడదు. వాడి కంట పడకూడదు, గాలి తగలకూడదు. పెద్ద ఇళ్ళ వాళ్ళకైతే వెనక గదో, పక్క వాకిలో ఉంటుంది. మాది సందులో పెట్టెల్లా పేర్చిన ఇళ్ళలో ఒకటి. ముందు గది, వంటిల్లు, దాని వెనక మంచమంత దొడ్డి. అంతటికీ కలిపి ఒక్కటే గుమ్మం, ఆ గుమ్మం పక్కనే స్వామివారి పీఠం. అందుకని మొదటి నెల నన్ను చాప, పుస్తకాలతో సహా ఎదురింటికి పంపేశారు. అక్కడ ఉండేది అత్తరు కొట్టు సాయిబుగారి భార్య. ఆవిడని చాచీ అనేదాన్ని.

చాచీ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చందువా చేప వేపుడు పెట్టింది. నేను కంచం ఖాళీ చేసిన వేగం చూసి మా పిల్లి కూడా జడుసుకుంది.

“మీకు ఇలాంటియి లేవా చాచీ?” అని అడిగాను.

“ఎందుకు లేవు బేటీ? ఆ రోజుల్లో మాకు నమాజు లేదు. అన్నం కూడా లేదని ఎవులూ సెప్పలేదు. ఇంకో ముక్క ఏసుకో.”

అక్కడ భజనలు లేవు, చదువుకోవడానికి దీపం ఉంది, రెండు పూటలా చేప ఉంది. మూడో రోజు అమ్మ గుమ్మంలోంచి “అయిపోనాదా?” అని అడిగితే, లేదని తల అడ్డంగా ఊపాను. భగవంతుడి పేరు మీద దొరికిన సుఖాన్ని అంత తొందరగా వదులుకోవడం నాకిష్టం లేకపోయింది.

ఏదో సమ్మె పుణ్యమా అని ఆ ఏడు మా పరీక్షలన్నీ వెనక్కి జరుగుతూ వచ్చి, కెమిస్ట్రీ ప్రాక్టికల్ సరిగ్గా అన్న ఇరుముడి కట్టే రోజునే పడింది. ఇరుముడంటే కొండకి మోసుకెళ్ళే మూట. వాడి చేత పరీక్షలు ఎన్నిసార్లైనా రాయించగలిగిన మా నాన్న, నాకు మాత్రం ముందే చెప్పేశాడు. “ఆడపిల్లకి ఒకపాలే పరీచ్చ. తప్పితే సదువు సాలు, ఇంట్లో కూకో.” ప్రాక్టికల్ పోతే మళ్ళీ వచ్చే ఏడాదే. అంటే, నాకు ఇక లేనట్టే.

ఆ రోజు పొద్దున్నే ముందు గది నిండా స్వాములు. మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చున్నారు. మధ్యలో గురుస్వామి. ఆయన పోర్టులో క్రేను నడిపే మనిషి, గొంతు కూడా అలాగే ఉంటుంది. శరణుఘోషకి పెంకులు అదురుతున్నాయి. నేను దొడ్లో ముఖం కడుక్కుంటూ ఉండగా, ఇంకో వారానికి రావలసింది కాస్తా అప్పుడే వచ్చేసింది.

అమ్మని పిలిచి చెప్పాను.

“ఓలమ్మో! ఇయ్యాలా? నీకు టైమే దొరకనేదా?” అంది, అదేదో నేను కావాలని రప్పించుకున్నట్టు. “కదలకు. ఇక్కడే కూకో. స్వామి బస్సెక్కీసినాక ఎల్దువు.”

“బస్సు మధ్యాన్నానికి. నా పరీక్ష పది గంటలకి.”

“మల్లీ రాద్దువు.”

“మల్లీ రాయడానికి నాను అన్ననా? నాన్న ఏటన్నాడో నువ్వూ ఇన్నావు కదా. ఇయ్యాల ఎల్లకపోతే నా సదువు అయిపోయినట్టేనమ్మా!”

ఏడుపు ఆగలేదు నాకు. కోపం కూడా వచ్చింది. దొడ్డి గోడ వంక చూశాను. రికార్డు పుస్తకం పళ్ళతో కరుచుకుని, వోణీ దోపుకుని ఎక్కేద్దామా అనుకున్నాను. గోడ మీద మా నాన్నే దొంగల కోసం గాజు పెంకులు గుచ్చి పెట్టాడు. మా ఇంట్లో దొంగలకి ఏం దొరుకుతుందని గుచ్చాడో ఆయనకే తెలియాలి.

అమ్మ కాసేపు నా ముఖం వంక చూసింది, కాసేపు గది వంక చూసింది. లోపల ఉన్నది కొడుకు. కాలినడకన అడవిలో కొండలెక్కబోతున్నాడు. ఆవిడ నమ్మకం ప్రకారం నేను ఆ గదిలో అడుగు పెడితే వాడు క్షేమంగా తిరిగి రాడు. నాకు ఆ నమ్మకం లేదు గానీ, ఆవిడకి ఉందని మాత్రం తెలుసు. ఇంక పంపదు అనుకున్నాను.

“తల మీద నీళ్ళోసుకో,” అంది హఠాత్తుగా. “ఎవులికీ సెప్పకు. పాపమేదైనా ఉంటే నాకు సుట్టుకుంటాది.”

నేను తడి తలతో వంటింట్లోకి వచ్చేసరికి అమ్మ ముందు గదిలో నిలబడి “పిల్లకి పరీచ్చ స్వామీ, దారియ్యండి” అంటోంది. స్వాములు మోకాళ్ళు ముడుచుకున్నారు. చూపు నేలకి పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాను. ఇంకొక్క అడుగు.

“సెల్లెమ్మా!” క్రేను గొంతు. “అన్న మూటలో గుప్పెడు బియ్యం ఎయ్యకుండా ఎలిపోతన్నావేటి? ఏసెల్లు, పరీచ్చ కూడా బాగా రాత్తావు.”

ఇంట్లోవాళ్ళందరూ తలో గుప్పెడు బియ్యం ఆ మూటలో వెయ్యడం ఆచారం. బియ్యం పళ్ళెం అమ్మ చేతిలోనే ఉంది. అమ్మ వంక చూశాను. ఆవిడ పెదవులు తెల్లబడిపోయాయి. ఒక్క మాటంటే చాలు, అంతా ఆగిపోతుంది, నా పరీక్షతో సహా. అమ్మ పళ్ళెం నా ముందుకి చాపింది.

“ఏసెల్లు,” అంది. “బేగి.”

వేశాను. గదంతా ‘శరణమయ్యప్ప’ అంది. నేను సందు చివరి దాకా పరుగెత్తాను. ప్రాక్టికల్‌లో ఏమిటో కనుక్కోమని నాకిచ్చిన ఉప్పు మొదటి పరీక్షకే లొంగిపోయింది. గురుస్వామి దీవెన అనుకోవాలో, చాచీ చేపల బలం అనుకోవాలో నేను తేల్చుకోలేదు.

అన్న వెళ్ళినప్పటి నుంచి అమ్మకి తిండి లేదు. రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలైతే వంట వదిలేసి వచ్చి నిలబడేది. ఎక్కడైనా బస్సు బోల్తా అంటే, అది ఏ దిక్కున పడినా సరే, కూలబడిపోయేది. సందులో సైకిలు బెల్లు మోగితే టెలిగ్రామే అనుకునేది. గురువారం అమ్మవారికి పసుపు నీళ్ళు పోసి వచ్చింది. అది చాలదన్నట్టు, చాచీ చేత దర్గాలో కూడా మొక్కించింది. “స్వామిని నమ్ముకుని ఎల్లినోడికి ఏటవుతాదే, ఎర్రిమొకవా?” అని నాన్న నవ్వేవాడు. నిజం ఆయనకి తెలియదు. నేను సైన్సు చెప్పబోతే “నోర్ముయ్” అనేది. ఇంత భయాన్ని నాకోసం నెత్తిన పెట్టుకుందని గుర్తొచ్చి, నోరు మూసుకునేదాన్ని.

అన్న వచ్చాడు. వెళ్ళినప్పటి కంటే ఒళ్ళు చేసి వచ్చాడు. గుళ్ళో మాల తీయించుకుని, గడ్డం గీయించుకుని గుమ్మంలో నిలబడగానే నాన్న “ఒరే గాడిదా, రారా!” అన్నాడు, ఎన్నాళ్ళ కరువో తీరినట్టు ఆప్యాయంగా.

అమ్మ వాణ్ణి కూర్చోనివ్వలేదు. “జొరం రానేదా? బస్సు ఎక్కడా ఆగిపోనేదా? అడివిలో కాలు జారనేదా?”

“ఏటీ అవనేదే అమ్మా! కాలికి ముల్లు కూడా గుచ్చుకోనేదు. దర్సనం ఎంత బాగయిందనుకున్నావు! మన ఇరుముడి బియ్యంతో అక్కడే పాయసం వండి స్వామికి పెట్టినారు. గురుస్వామి రెండుపాల్లు అడిగి తిన్నాడు.”

నాకు గెలిచినట్టనిపించింది. అమ్మ సంబరపడుతుందని వంటింట్లోకి పరిగెత్తాను. ఆవిడ అన్న కోసమని నెత్తళ్ళు ముందు పెట్టుకుని కూర్చుంది. చేతులకి చేపలు తోమే బూడిద ఉంది. కత్తిపీట మీద చెయ్యి కదలడం లేదు.

“సూసినావా, ఏటీ అవనేదు!” అన్నాను.

“అవును. ఏటీ అవనేదు,” అంది. నా వంక చూడకుండానే మొదలెట్టింది. “మా ఊరు పద్మనాభంలో మా యమ్మ పోయినప్పుడు నాను ముట్టు మైలలో ఉన్నాను. పసువుల సాలలో కూకోబెట్టినారు. ఒక్కపాలి మొకం సూసి ఎలిపోతానని కాళ్ళట్టుకున్నాను. నువ్వు ముట్టుకుంటే ఆయమ్మకి మంచిగతి ఉండదన్నారు. ఎత్తుకెలిపోతంటే తడిక సందులోంచి పాదాలు కనబడినాయి, అంతే. అమ్మ మంచికే కదా అనుకుని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను.”

చేతులకున్న బూడిదతోనే కళ్ళు తుడుచుకుని, అప్పుడు నా వంక చూసింది.

“దేవుడే తిన్నాడు కదే నీ సేతి బియ్యం. మరి నన్నెందుకు కూకోబెట్టీసినారు?”