నిప్పు మీద పెట్టిన బెంజమిన్

కోవిడ్ మాస్కులు తీసేసిన ఏడాది అది. అమెరికాలో, ప్లేనో ఊళ్లోని మా ఇండియన్ స్టోర్‌లో పూజ సామాను వరస నాది. అక్షరాలు నేను యాభై దాటాక, ఈ ప్యాకెట్ల మీద పేర్లు చూస్తూనే నేర్చుకున్నాను. అందుకే అచ్చువేసిన మాటను రెండుసార్లు చదువుతాను, ఒక్కసారి కూడా నమ్మను.

ఒక శనివారం తెల్ల ముసలాయన ఒకడు వచ్చి సాంబ్రాణి ప్యాకెట్లు ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. కొనడు, వెళ్లడు. తనిఖీకి వచ్చేవాళ్లు ఇలాగే ముందు మాట్లాడరు. నేను అగరుబత్తీలు సర్దుతున్నట్టు నటిస్తూ అతని చేతులే చూశాను.

“ఏం కావాలి?”

“గమ్ బెంజమిన్.”

“అలాంటిది మా దగ్గర లేదు.”

“ఉంది. మీ మోచేతి పక్కనే ఉంది. అసలుదేనా అన్నదే నా అనుమానం.”

నాకు ఒళ్లు మండింది. అప్పుడే స్రవంతి వచ్చింది. మా స్టోర్‌కి ఎప్పుడూ వచ్చే అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గుండెకు కట్టుకున్న సంచిలో నెలల పాప. స్నానం అయ్యాక పాపకు పొగ వేయడానికి మా సాంబ్రాణే కొంటుంది. ఆ రోజూ ఒక ప్యాకెట్ బుట్టలో వేసుకుంది.

ముసలాయన పేరు రాల్ఫ్ అన్నాడు. పాత చెక్క కుర్చీలు బాగుచేస్తాడట. సాంబ్రాణిని స్పిరిట్‌లో కరిగించి చెక్కకు పూస్తే మెరుపు వస్తుందట. పాతకాలం ఇంగ్లీషులో ఈ చెట్టు బంక పేరు గమ్ బెంజమిన్. అరబ్బులు దీన్ని ‘లుబాన్ జావీ’, అంటే జావా ధూపం అనేవారని, యూరప్ వర్తకులు ముందున్న ‘లు’ వదిలేసి బెంజోయిన్ చేశారని, ఇంగ్లీషువాళ్ల నోట అది బెంజమిన్ అయి కూర్చుందని చెప్పాడు. చెట్టేమో సుమత్రాది.

“ఇన్నిసార్లు పేరు మార్చుకున్నవాణ్ణి పోలీసులు వెతుకుతారు,” అన్నాను.

స్రవంతి ఫోన్‌లో చూసింది. “నిజమే ఆంటీ. కెమిస్ట్రీలో బెంజీన్ చదివాం కదా, ఆ పేరు కూడా దీంట్లోంచే వచ్చిందట. అయినా ఏదో స్కామ్‌లా ఉంది, జాగ్రత్త.”

నాకూ అదే అనిపించింది. వస్తువు కొనేవాడికి ఇంత పొడుగు కథ ఎందుకు?

“మీలాంటి కొట్టులోనే కొన్నాను,” అన్నాడు రాల్ఫ్. “రోజిన్ కలిపారు. రోజిన్ అంటే పైన్ చెట్టు జిగురు, చవక. కుర్చీకి పూస్తే ఎన్నాళ్లకీ ఆరలేదు. కూర్చున్నవాడి చొక్కా అంటుకుపోయింది.”

“మా సరుకు అలాంటిది కాదు.”

“ఎప్పుడైనా నిప్పు మీద వేసి చూశారా?”

వేయలేదు. ఇక్కడ ఇంట్లో నిప్పులు పెడితే స్మోక్ అలారం గోల చేస్తుంది. అందుకని అందరం కరెంటు బర్నర్‌కి మారాం. చిన్న పళ్లెం, సన్నటి వేడి. సాంబ్రాణి మెల్లగా కరుగుతుంది, పైన పూసిన సెంటు గుప్పున వస్తుంది, పొగ పెద్దగా రాదు. బాగుంది అనుకుంటాం.

పక్క తందూరి హోటల్ నుంచి గరిటెలో నాలుగు నిప్పులు తెచ్చి వెనక పార్కింగ్‌లో పెట్టాను. గుండె మీద పాపతో స్రవంతి దూరంగా నిలబడింది. ముందు నా ఇంటికని దాచుకున్న పాత గడ్డ ఒక ముక్క వేశాను. తెల్లటి పొగ, తియ్యటి వాసన. రాల్ఫ్ కళ్లు మూసుకుని తల ఊపాడు.

తర్వాత మా ప్యాకెట్‌లోది వేశాను. చిటపటమంది. ముందు ఒక్క క్షణం సెంటు, ఆ వెంటనే నల్లటి పొగ, తారు కాగినట్టు వాసన. గరిటె దూరంగా జరిపాను.

స్రవంతి పాప తల మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆంటీ, పొగ వేసినప్పుడల్లా పాప దగ్గుతోంది. జలుబు అనుకున్నాం. ఇదేనా?”

“నాకు తెలియదమ్మా. డాక్టర్‌ని అడుగు. ఆ ప్యాకెట్ ఇలా ఇచ్చెయ్.”

“పోనీ మీ గడ్డలోంచి కొంచెం ఇస్తారా?”

“ఇవ్వను. డాక్టర్ ఔనన్నాక రా. అసలుదైనా పొగ పొగే.”

మొహం చిన్నబుచ్చుకుంది గానీ ప్యాకెట్ ఇచ్చేసింది. సోమవారమే పాపను డాక్టర్‌కి చూపించిందట. పొగలేవీ వద్దు, ఏ రకమైనా వద్దు అన్నారట. పొగ మానేశాక దగ్గూ తగ్గిందని తనే వచ్చి చెప్పింది. దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను.

సరుకు వేసే అబ్బాయికి ఫోన్ చేశాను. “అందరూ అదే అమ్ముతారు ఆంటీ. ఇన్నాళ్లలో ఒక్క కంప్లైంట్ కూడా రాలేదు,” అన్నాడు.

“ఎలా వస్తుంది నాయనా? నిప్పు మీద వేసి చూసినవాళ్లు ఉంటే కదా,” అన్నాను. ప్యాకెట్లన్నీ వెనక్కి పట్టుకుపోయేదాకా ఊరుకోలేదు.

అప్పటినుంచి కొత్త సరుకు షెల్ఫ్ ఎక్కకముందు పార్కింగ్‌లో నిప్పుల మీద ఒక ముక్క పడాల్సిందే. ఆంటీ యాగం మొదలుపెట్టిందని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నోరు మారినప్పుడల్లా ఆ బంక పేరు మార్చుకుంది, దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. లోపలి సరుకు మారినప్పుడు మాత్రం మేమెవరమూ గమనించలేదు, ఎందుకంటే పట్టిచ్చే నిప్పును మేమే ఆర్పేసుకున్నాం.

నా పాత గడ్డలో సగం రాల్ఫ్ కొనుక్కున్నాడు. ఇప్పటికీ వస్తుంటాడు. అతను వచ్చినప్పుడు చేతులు ఎక్కడ పెడుతున్నాడా అని నేను చూస్తాను. తూచేటప్పుడు అతను నా కాటా వైపు చూస్తాడు. అలా చూసినందుకు ఇద్దరం ఒకరినొకరు ఏమీ అనుకోం.