పొద్దుటి మొదటి అద్దం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డులో, మా వదినా నేనూ సోలార్ ప్యానెళ్లు చేసేవాళ్లం. అన్న బండి మీంచి పడి, కాలు విరిగి పుత్తూరు కట్టుతో మంచాన ఉన్నాడు. ఇల్లు మా ఇద్దరి చేతుల మీదే నడిచేది.

అప్పడం కన్నా పెళుసైన నల్లటి బిళ్లలను వదిన సన్నటి తీగలతో అతికి వరుసలు చేసేది. నేను స్పిరిట్‌తో తుడిచిన అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని మీద ఆ వరుసలు బోర్లా, మళ్లీ షీటు, ఆపైన తెల్లటి పొర పరిచేదాన్ని. దాన్ని మూతున్న పెద్ద మిషన్‌లోకి తోస్తే, అది లోపలి గాలంతా లాగేసి, షీటును వేడికి కరిగించి, అన్నిటినీ ఒకటిగా అంటించేది. మూత పడ్డాక బ్రహ్మ దిగివచ్చినా దిద్దలేడు.

ఆ వారం రోజూ మొదటి ప్యానెల్ మాత్రం ఒక మూల బుడగలతో వచ్చేది. యజమాని ఆ నెపం వదిన అతుకుల మీద వేశాడు.

"సూడమ్మా, రేపు కూడా బుడగ వచ్చిందంటే ఇంక పనికి రావద్దు," అన్నాడు అందరి ముందూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటి ప్యానెల్‌కే ఎందుకు? ఇంటికి పోతూ ఆలోచిస్తే తట్టింది. ఆ వారం నుంచే యజమాని పొద్దున్నే షెడ్డులో దేవుడి పటం ముందు దీపం వెలిగించి, ఆ నూనె చేత్తోనే నేను తుడిచిపెట్టిన మొదటి అద్దాన్ని ఒక మూల తాకి కళ్లకద్దుకుంటున్నాడు. నూనె అంటిన చోట షీటు సరిగా అతుక్కోదు. బుడగలు వచ్చేదీ ఆ మూలే.

వదినకు సంగతంతా చెప్పి, "రేపు మొహమ్మీదే అడిగేస్తా," అన్నాను.

"అడిగితే ఇద్దరం రోడ్డున పడతాం. నోరు మూసుకో అమ్మీ," అంది వదిన.

మర్నాడు అంచు పగిలిన అద్దమొకటి బల్ల మీద పెట్టాను. తుడిచిన అద్దాన్ని పక్కన గుడ్డ కప్పి దాచాను. ఆయన వచ్చాడు, దీపం పెట్టాడు, పగిలినదాన్నే భక్తిగా తాకి కళ్లకద్దుకున్నాడు.

"ఏమ్మా, అట్లా సూస్తా ఉండావు?"

"ఏం లేదు సార్."

ఆయన అటు తిరగ్గానే గుడ్డ తీసి, అసలు అద్దం మీద అన్నీ పరిచి లోపలికి తోశాను. మూత పడింది. వదినకు చేతిలో పని సాగడం లేదు, కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడింది. నేననుకున్నది తప్పైతే వదిన పని పోయినట్టే.

మూత లేచింది. యజమాని ప్యానెల్‌ను ట్యూబ్‌లైటు కిందికి వంచి నాలుగు మూలలూ చూశాడు. ఒక్క బుడగ లేదు.

"సూసినారా? గట్టిగా నాలుగు మాటలంటే గానీ చేతులు తిన్నగా పనిచెయ్యవు," అని నవ్వాడు.

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా వదిన తల వంచుకుని, "అవును సార్. మీరు తిట్టినాకే బుద్ధొచ్చింది," అంది.

సాయంత్రం బస్సులో ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. ఉండబట్టలేక అడిగేశాను. "చెయ్యని తప్పు నెత్తినేసుకున్నావే, సిగ్గు లేదా వదినా?"

"ఉండాది అమ్మీ. పనే పోయినాక దాన్ని ఏం జేసుకునేది?" అంది వదిన, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "రేపు కూడా ఆ పగిలిన అద్దం మర్చిపోకుండా పెట్టు."