యాదయ్య చేతిపని మీద నేను వేసిన నింద

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది మన సంఘ పత్రికలో నా సాక్ష్యం ఒకటి అచ్చయింది, మీలో చాలామంది చదివారు, కొందరైతే ఫోన్ చేసి నాతోపాటు సంతోషించారు కూడా. అన్యాయం చేసిన ఒక కాంట్రాక్టరు మీద దేవుడు నాకు జయమిచ్చాడని అందులో రాశాను. ఆ సాక్ష్యం అబద్ధం. నేను రాసిన అబద్ధాన్ని నేనే దిద్దుకోవాలని పాస్టరు అయ్యగారిని బతిమాలి ఈ పేజీ అడిగి తీసుకున్నాను. చదివాక నన్ను ఏమనుకున్నా సరే, చివరిదాకా చదవమని మాత్రం వేడుకుంటున్నాను.

నా పేరు సలోమి. పత్తర్‌గట్టి వెనక సందులో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చిన్న కార్ఖానా మాది. మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, మెత్తని మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన మాట్లాడని మాటలన్నీ కలిపి నేనే మాట్లాడేదాన్ని. సంఘంలో స్త్రీల సమాజానికి పెద్దను, ఉపవాస ప్రార్థనలంటే ముందు వరసలో కూర్చునేదాన్ని, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా సలోమక్కను పిలవండి అనేవారు, ఆ పిలుపు వినీ వినీ నా కళ్లు నెత్తికెక్కాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండేళ్ల కిందట కార్ఖానా మీద ఇంకో అంతస్తు వేయించాలనుకున్నాం. కార్వాన్‌లో ఉండే యాదయ్య అనే కాంట్రాక్టరును తెలిసినవాళ్లు చూపించారు. తాపీ పట్టుకొని మేస్త్రీగా మొదలుపెట్టి, ఎన్నో ఏళ్లు కష్టపడి, చివరికి సొంతంగా లైసెన్సు తెచ్చుకున్న మనిషి. ఆ లైసెన్సు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని చొక్కా జేబులో తిప్పేవాడు, అడగకపోయినా తీసి చూపించేవాడు, నేను లోపల నవ్వుకునేదాన్ని. స్లాబు వేసే రోజు మా పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే, యాదయ్య కాంక్రీటు కలిపే మిల్లరు ఆపించి, కూలీలందరినీ నిలబెట్టి, తను చెప్పులు విడిచి తల వంచుకొని ఆమేన్ అనేదాకా కదలలేదు. ఆయన దేవుళ్లు వేరు. అయినా మన దేవుని ముందు ఆ రోజు నాకంటే ఆయనే భయభక్తులతో నిలబడ్డాడు.

స్లాబు పోశాక దాని మీద చిన్న చిన్న మడులు కట్టి, వాటిలో నీళ్లు నింపి, రెండు వారాలు ఎండకుండా చూడాలి. మా దగ్గర చిన్న పనుల్లో ఈ నీళ్లు పట్టే బాధ్యత కట్టించుకునేవాళ్లదే, కాంట్రాక్టరుది కాదు. కాగితం మీద ఎవరూ రాసుకోరు, అందరికీ తెలిసిన వాడుక అది. యాదయ్య వెళ్లేముందు నన్ను నిలబెట్టి రెండుసార్లు చెప్పాడు, ఎండలు మండిపోతున్నాయి, మొదటి వారమే ముఖ్యం, మడులు ఎండితే స్లాబు పగులుతుంది అని. సరే సరే అన్నాను.

స్లాబు పోసిన మూడో రోజున మన ఉపవాస కూడికలు మొదలయ్యాయి. మూడు రోజులూ అక్కడే బస. స్త్రీల పక్షాన నేనే నడిపించాలి కాబట్టి మా ఆయనను, నా దగ్గర కుట్టే ఆడవాళ్లను అందరినీ వెంటబెట్టుకొని, కార్ఖానాకు తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకొని బయలుదేరాను. మరి నీళ్ల సంగతేమిటని మా ఆయన గడప దగ్గర అడిగారు. దేవుని పని మీద పోతున్నాం, మన పని దేవుడు చూసుకుంటాడు అని ఆయన నోరు మూయించాను. ఎంత గర్వం సహోదరులారా, నేను చేయవలసిన పనిని దేవుని నెత్తిన పెట్టి దానికి విశ్వాసమని పేరు పెట్టాను! తిరిగి వచ్చేసరికి మడులు ఎండి తెల్లబడి ఉన్నాయి, స్లాబు మీద సన్నని గీతలు పడ్డాయి. గబగబా నీళ్లు నింపాను. నీళ్లు నిండాక గీతలు కనపడలేదు, ఇక ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

వానలు పడగానే స్లాబు కారింది. కుట్టి మీది అంతస్తులో పెట్టిన యూనిఫారాలన్నీ మరకలయ్యాయి, బడివాళ్లు ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. కబురు పంపగానే యాదయ్య వచ్చి, తడిలోనే మీదికెక్కి, ఒక్కొక్క పగులూ వేలితో తడిమి చూసి, కిందికి దిగి, నీళ్లు బాగా పట్టారా అమ్మా అని మెల్లగా అడిగాడు. అక్కడ మా పనివాళ్లున్నారు, పక్క దుకాణంవాళ్లున్నారు. ప్రార్థనలకు పోయి స్లాబు ఎండబెట్టుకుందని వీళ్లంతా నవ్వుతారే అని నాకు అదే భయం. పద్నాలుగు రోజులు ఒక్క పూట తప్పకుండా పట్టామని చెప్పాను. మా ఆయన నా మొహం వైపు చూసి తల దించుకున్నారు.

ఒకసారి చెప్పాక ఇక ఆ మాటను కాపాడుకోవడమే నా పనైపోయింది. బజారు పెద్దల దగ్గర పంచాయితీ పెట్టించి అక్కడ అదే చెప్పాను, లైసెన్సు ఇచ్చే ఆఫీసులో ఫిర్యాదు రాసి అందులో అదే రాశాను, సిమెంటు తగ్గించి మోసం చేశాడని కూడా కలిపాను. ఆదివారం నాడు ప్రార్థన చీటీ మీద యాదయ్య పేరు రాసి ఇచ్చాను, దేవుడు అతన్ని సిగ్గుపరచాలని సంఘమంతా చేతులెత్తి ప్రార్థించింది. అయ్యో, మీ నిజమైన కన్నీళ్లను నా అబద్ధానికి వాడుకున్నాను!

నయాపూల్ దగ్గర కోర్టులో కేసు వేస్తే, ముందు కూర్చొని మాట్లాడుకోండని రాజీ కుదిర్చే పెద్దాయన దగ్గరికి పంపారు. చిన్న గది, ఒక బల్ల, ఒకవైపు మేము, ఇంకోవైపు యాదయ్య ఒక్కడే. స్లాబు చూసి వచ్చిన ఇంజనీరు, ఈ పగుళ్లు నీళ్లు చాలక రావచ్చు, సిమెంటు తక్కువై రావచ్చు, ఇప్పుడు తేల్చి చెప్పడం కష్టమని రాశాడు. పెద్దాయన నా వైపు తిరిగి, అమ్మా, మీరు నిజంగా నీళ్లు పట్టారా అని అడిగాడు. పట్టాను అన్నాను. అప్పుడు యాదయ్య వాదిస్తాడని, అరుస్తాడని, దానికి ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధం చేసుకొని కూర్చున్నాను.

యాదయ్య లేచి నిలబడి, "నేను తక్కువ జేసినట్టు నాకైతే యాదికి లేదు సార్. కానీ అమ్మ ప్రార్థన జేసుకునే మనిషి, అబద్ధం ఎందుకాడుతది? నా చేతులల్లనే ఏదో ఫరక్ అయ్యుంటది. నా ఖర్చుతోని మళ్ల ఏసిస్త," అన్నాడు.

ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నట్టే ఉంది, అయినా కలం తీసుకొని పెద్దాయన రాయించిన రాజీ కాగితం మీద సంతకం పెట్టాను. యాదయ్య కూడా పెట్టాడు.

పాత స్లాబు పగలగొట్టించి కొత్తది వేశాడు. ఈసారి నన్ను నీళ్లు పట్టనివ్వలేదు, తప్పు నాది కాబట్టి ఇది కూడా నేనే చూసుకుంటానని పద్నాలుగు రోజులు పొద్దున సాయంత్రం కార్వాన్ నుంచి వచ్చి, మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కి, తనే నీళ్లు నింపి పోయాడు. నేను చాయ్ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి పెట్టి, వస్తానమ్మా అనేవాడు. తప్పు ఒప్పుకుంటూ ఆయన పెట్టిన సంతకం చూపించి లైసెన్సు ఆఫీసువాళ్లు ఆయన లైసెన్సు ఆపేశారని తర్వాత విన్నాను. అది విన్న వారమే నేను ఈ పత్రికకు నా జయాన్ని గురించి రాసి పంపాను.

ఆ తర్వాత నా ప్రార్థన చచ్చిపోయింది. మోకరిస్తే మాటలు రావు, అయినా అలవాటుగా అందరి కోసం ప్రార్థనలు చేస్తూ తిరిగాను. ఈలోగా ఒక ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, అందరికీ రొట్టె పంచేటప్పుడు, మా ఆయన ముట్టకుండా పళ్లెం నాకు అందించడం చూశాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తర్వాతి నెలా అంతే, ఆపై నెలా అంతే. ఇంటికి వచ్చాక ఏమైందని నిలదీశాను. నలభై ఏళ్ల కాపురంలో అప్పటిదాకా ఆయన నన్ను ఎదిరించి ఒక్క మాట అనలేదు.

"నీ అబద్ధంల నేను గూడ ఉన్న సలోమీ. తాళంచెవి నీ సంచిలున్నదని నాకెర్కే. గీ పాపం పెట్టుకొని ఇగ ఆ రొట్టెకు చెయ్యి ఎట్ల చాపాలె?" అన్నారు.

ఆయన అక్కడే కూర్చొని ఏడ్చారు. నేను లోపలి గదిలోకి పోయి నేల మీద బోర్లా పడ్డాను, ఎన్నో నెలల తర్వాత ఆ రోజు నాకు మాటలు వచ్చాయి. "ప్రభువా, నీ పేరు అడ్డం పెట్టుకొని ఒక మనిషి నోటికాడి బుక్క గుంజుకున్న. మాఫ్ చెయ్యమని అడిగేటందుకు నాకు మొఖం లేదు. ఆయన ముంగట నిలబడే బలమన్న ఇయ్యి, ఇగ ఆలస్యం చెయ్యనియ్యకు," అని ప్రార్థించాను.

మరునాడు పొద్దున్నే మా ఆయన, నేను కార్వాన్ వెళ్లాం. తలుపు తీసింది యాదయ్య భార్య సత్తమ్మ. లోపల మంచం మీద యాదయ్య ఉన్నాడు. పదిహేను రోజుల కిందట పక్షవాతం కొట్టి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మనుషులను గుర్తుపడుతున్నాడు, చెప్పింది వింటున్నాడు, అంతే. లైసెన్సు పోయిన బాధతో ఇలా అయ్యాడా అని అడిగాను. సత్తమ్మ చెప్పింది.

"లైసెన్సు పోతే ఏదో కూలి జేసుకుంటమంటుండె. గది కాదమ్మా. నువ్వు నీళ్లు పట్టిన అన్నవ్ గద, గా మాట నమ్మిండు. గప్పటి సంది తను కట్టిన ఇండ్లన్నిటికి పోయి, సుత్తితోని స్లాబులు కొట్టి కొట్టి చూస్తుండె. నాకు తెల్వకుంట ఎక్కడెక్కడ తప్పు జేసిన్నో, ఎవరి పిల్లల మీద కూలుతదో అని బుగులు. అన్నం గూడ సక్కగ తినకపోతుండె."

సహోదరులారా, నేను ఆయన పని పోగొట్టాననుకున్నాను. నేను పోగొట్టింది ఆయనకు తన చేతుల మీద ఉన్న నమ్మకాన్ని! జీవితమంతా నిజాయితీగా కట్టిన మనిషి, నా ఒక్క మాట పట్టుకొని, తాను కట్టిన ప్రతి కప్పు కిందా భయపడుతూ తిరిగాడు.

నేను మంచం దగ్గర మోకాళ్లూని ఆయన చెవి దగ్గరగా వంగాను. "అన్నా, నీ తప్పు లేదు. మూడు రోజులు నేను నీళ్లు పట్టలే, తాళం ఏసుకొని పోయిన. పట్టిన అని అబద్ధమాడిన. నువ్వేసిన స్లాబు మంచిగనే ఉండె. నువ్వు కట్టినయ్ ఏవీ కూలవన్నా," అని చెప్పాను. అర్థమైందో లేదో అని మళ్లీ చెప్పాను. మూడోసారి చెబుతుండగా ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎడమ చేత్తో సత్తమ్మ చేయి వెతికి పట్టుకొని గట్టిగా ఊపాడు, విన్నావా, విన్నావా అన్నట్టు. నా వైపు చూడలేదు. నన్ను చూడవలసిన అవసరం ఆయనకు లేదు, ఆయనకు కావలసింది దొరికింది.

అక్కడినుంచి నేరుగా రాజీ కుదిర్చిన పెద్దాయన దగ్గరికి, లైసెన్సు ఆఫీసుకు వెళ్లి నిజం రాసి ఇచ్చాం. పెట్టవలసిన చీవాట్లన్నీ పెట్టారు, పడ్డాను. కొత్త స్లాబుకు ఆయన పెట్టిన ఖర్చు సత్తమ్మ చేతికి ఇచ్చాం, ఇది గొప్పకు చెప్పడం లేదు, ఇవ్వకపోతే మేము దొంగలమే. ఆదివారం సంఘం ముందు అంతా ఒప్పుకొని స్త్రీల సమాజం పెద్దరికం వదులుకున్నాను. మేము వెళ్లి వచ్చిన తొమ్మిదో రోజున యాదయ్య చనిపోయాడు. లైసెన్సు తిరిగి ఇచ్చామన్న కాగితం ఆయన పోయాక వచ్చింది.

నేను ఇప్పటికీ వారానికొకసారి సత్తమ్మ దగ్గరికి వెళ్తాను. క్షమించమని ఒకసారి కాళ్లు పట్టుకున్నాను. "మాఫ్ చేసిన అని నోట్లెకెల్లి వస్తలేదమ్మా. వచ్చిన్నాడు చెప్త," అంది. ఇంకా చెప్పలేదు. చెప్పకపోయినా నేను వెళ్తాను, ఆమె కూర్చోమంటుంది, కూర్చుంటాను.

దేవుడు నన్ను విడిపించాడా అని అడిగితే, విడిపించాడు, అబద్ధం నుంచి, గర్వం నుంచి, దేవుని పేరు చెప్పి మనుషులను తొక్కే పాడు బుద్ధి నుంచి విడిపించాడు, కానీ దుఃఖం నుంచి విడిపించలేదు, విడిపించమని నేను అడగడం లేదు కూడా. మా ఆయన మళ్లీ ప్రభువు బల్లలో చేయి చాపుతున్నారు, పక్కన కూర్చొని అది చూసిన ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది. నేను ఇన్ని నెలలు ఆలస్యం చేసినా, యాదయ్య చెవిలో నిజం పడేదాకా ఆయన ప్రాణం నిలిపిన దేవునికే మహిమ కలుగును గాక! ఆ తొమ్మిది రోజులూ ఆయన అన్నం తిన్నాడని సత్తమ్మ చెప్పింది.

ఇది చదువుతున్న అన్నా, అక్కా, మీరు కూడా ఎవరి పేరైనా చీటీ మీద రాసి, దేవా ఇతన్ని సిగ్గుపరచు అని అడిగి ఉంటే, అందులో మీ తప్పు ఒక్క చెంచాడైనా ఉంటే, ముందు దేవుని దగ్గరికి వెళ్లండి, ఆయన తరిమేయడు, నన్నే తరిమేయలేదు. అక్కడినుంచి ఆ మనిషి ఇంటికి వెళ్లండి. వచ్చే ఆదివారం దాకా ఆగకండి. ఆ మనిషి ఈ రోజు ఉన్నాడు, మీరు చెబితే వింటాడు.